షెడ్డు అంచనా: గోడకొక రేటు, కిటికీకొక రేటు

మన హోసూరు, కృష్ణగిరి గ్రూపుల్లో తరచూ వచ్చే ప్రశ్న ఇది: "పురుగుల షెడ్డుకు మేస్త్రీ అడుగుకింత అని ఒక్క రేటు చెప్తున్నాడు, ఒప్పుకోవచ్చా?"

ముందు ఆ రేటులో ఏమేమి ఉన్నాయో విడగొట్టి చూడండి. ఇంజినీర్లు దీన్ని రేట్ అనాలిసిస్ అంటారు, అంచనా సాఫ్ట్‌వేర్లలో అసెంబ్లీ అని ఉంటుంది. సంగతి చిన్నదే. 100 చదరపు అడుగుల గోడ అని ఒక ఐటెం పెట్టుకోండి. దాని కింద 16కు 8 అంగుళాల హాలో బ్లాకులు 113, విరిగేవాటికి ఇంకో 5, సిమెంటు, ఇసుక, కూలి, బండి బాడుగ అన్నీ రాయండి. ఆ మొత్తమే 100 అడుగుల గోడ ధర. రేపు సిమెంటు పెరిగితే ఒక్క చోట మారిస్తే గోడ, పూత, నేల అన్నీ వాటంతటవే మారతాయి. ఫోన్లో ఎక్సెల్ చాలు. గోడ కొలతలో కిటికీ, తలుపు జాగా తీసేయడం మరవొద్దు.

మనం దెబ్బతినేది కిటికీ దగ్గరే. మేస్త్రీకి కిటికీ అంటే ఫ్రేమూ రెక్కలూ. మనకు ఊజీ ఈగ వల, దాని చట్రం, బిగింపు కూలి కూడా చేరితేనే కిటికీ. గాలికి తెరవక తప్పదు, వల లేకుండా తెరిస్తే ఈగ వచ్చి పురుగు మీద గుడ్డు పెడుతుంది. మాలో ఒకరు గోడలకే డబ్బు అయిపోయి, వల తర్వాత చూద్దాంలే అని మొదటి పంట పెట్టారు. గూళ్లు సగం చిల్లుపడ్డవే. వలల ఖర్చుకు ఎన్నో రెట్లు ఆ ఒక్క పంటలోనే పోయింది.

వెంటిలేటర్లకూ, షెడ్డు ముందు గది తలుపుకూ ఇదే లెక్క. మీ మేస్త్రీ రాసిచ్చిన చీటీ ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, వలలు చేరాయో లేదో చూసి చెప్తాం.