బడి మూసిన సమానత్వం

అందరికీ ఒకే న్యాయమన్న మాట వినడానికి ఇంపుగా ఉంటుంది. కాని నక్క కొంగను విందుకు పిలిచిన కథ తెలిసినవారికి, ఆ మాటలో ఎంత మోసం దాగి ఉండగలదో వేరే చెప్పనక్కరలేదు. ఇద్దరికీ పళ్ళెములొక్కటే, వడ్డన ఒక్కటే. కడుపు నిండినది మాత్రం నక్కకే. తొంభై ఏండ్ల క్రిందట అల్బేనియా దేశంలో పాఠశాలల విషయమై ఇట్టి విందే ఒకటి జరిగినది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసి ఐరోపా పటాన్ని తిరిగి గీసినప్పుడు, లక్షలాది ప్రజలు కూర్చున్నచోటు కదలకుండానే పరరాజ్య ప్రజలైనారు. ఊరు మారలేదు, ఇల్లు మారలేదు; ఏలిక మారినాడు. ఇట్టివారి భాషకు, మతానికి రక్షణ కల్పించుతూ 1919 జూన్ 28న పోలెండుతో ఒక ఒడంబడిక జరిగినది. తరువాత మరికొన్ని రాజ్యాలు అదే బాట పట్టవలసివచ్చినది. నానాజాతి సమితి ఈ ఒడంబడికలకు కావలి. అన్యాయం జరిగినదని తలచినవారు తమ విజ్ఞాపనలను జెనీవాకు పంపుకొనవచ్చును.

1920లో సమితిలో చేరిన అల్బేనియా కూడా, మరుసటి సంవత్సరం అక్టోబరు 2న ఇట్టి వాగ్దానమే చేసినది. అల్పసంఖ్యాకులు తమ సొమ్ముతో పాఠశాలలు నెలకొల్పుకొని, వాటిలో తమ భాషను వాడుకొనవచ్చునన్నది అందులోని ముఖ్యాంశం. ఆ దేశపు దక్షిణభాగంలో గ్రీకు భాష మాట్లాడే జనులున్నారు. 1933లో అల్బేనియా తన రాజ్యాంగాన్ని సవరించి, విద్య యావత్తూ ప్రభుత్వానిదేయని శాసించి, ప్రైవేటు పాఠశాలలన్నిటినీ రద్దు చేసినది. గ్రీకులు సమితికి మొరపెట్టుకొన్నారు. అల్బేనియనుల ప్రైవేటు బడులను కూడా మూసివేసినాము గదా, ఇందులో పక్షపాతమేమున్నదని ప్రభుత్వం వాదించినది.

వివాదం హేగ్ నగరంలోని శాశ్వత అంతర్జాతీయ న్యాయస్థానానికి చేరినది. 1935 ఏప్రిల్ 6న ఎనిమిదిమంది న్యాయమూర్తులు గ్రీకుల పక్షాన అభిప్రాయం వెల్లడించినారు. అధికసంఖ్యాకుల అవసరాలను రాజ్యం నడిపే సంస్థలే తీర్చగలవు. అల్పసంఖ్యాకుల సొంత సంస్థలను తొలగించినచో వారికి మిగిలేదేమీ లేదు. కావున శాసనంలోని సమానత్వం ఆచరణలో కూడా సమానత్వం కావలెనన్నది వారి సిద్ధాంతం. తక్కిన ముగ్గురూ అంగీకరించలేదు. సమానహక్కు అన్న తరువాత, అధికసంఖ్యాకులకే లేని హక్కు అల్పసంఖ్యాకులకు ఎట్లు కలుగునని వారి ప్రశ్న. ఆ ప్రశ్న తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. నేటికీ ఎన్నో దేశాల సభలలో అది వినబడుతూనే ఉన్నది.

సమితి కావలికి బలమెంతో, దాని హద్దెక్కడో మరొక ఉదంతం తెలుపుతుంది. ఎగువ సైలీషియాలో 1922నాటి జర్మనీ–పోలెండు ఒప్పందం అమలులో ఉండేది. యూదుడైన కారణంగా కొలువు కోల్పోయిన ఫ్రాంజ్ బెర్న్‌హైమ్ అనే సామాన్యుడు 1933లో సమితికి విజ్ఞాపన పంపగా, హిట్లరు ప్రభుత్వం యూదు వ్యతిరేక శాసనాలను ఆ ఒక్క ప్రాంతంలో నిలుపక తప్పలేదు. 1937లో ఒప్పందం గడువు తీరినది. దానితో ఆ రక్షణ కూడా తీరిపోయినది. చిన్న రాజ్యాలను కట్టడి చేసిన ఈ విధానం పెద్ద రాజ్యాలను చాలవరకు విడిచిపెట్టినది. ఆ పక్షపాతమే దానిని లోలోపల తినివేసినది.

రెండవ యుద్ధం తరువాత, ప్రతి మనిషికీ సమానహక్కులిచ్చిన చాలునన్న భావం బలపడినది. 1948నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలో అల్పసంఖ్యాకులను గూర్చి ప్రత్యేక అధికరణం లేదు. 1966లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోని 27వ అధికరణం ఆ లోటు పూడ్చినది. తమ వర్గంలోని తక్కినవారితో కలిసి తమ సంస్కృతిని, మతాన్ని, భాషను నిలుపుకొనే హక్కును అది గుర్తించినది. 1992 డిసెంబరు 18నాటి ప్రకటన మరొక అడుగు ముందుకు వేసి, అందుకు అనువైన పరిస్థితులు కల్పించడం రాజ్యాల విధియని పలికినది.

భారత రాజ్యాంగంలోని 30వ అధికరణం మత, భాషా అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలు నెలకొల్పి నిర్వహించుకొనే హక్కునిచ్చినది. ఆ హక్కును వివరించుతూ 1974లో అహమ్మదాబాదు సెయింట్ జేవియర్స్ కళాశాల వ్యాజ్యంలో, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అల్బేనియా బడుల అభిప్రాయాన్ని ప్రమాణంగా స్మరించినారు. గ్రీకు పల్లెల మొర అంతదూరం ప్రయాణించినది.

తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. ఇచ్చట అధికసంఖ్యాకులైన తెలుగువారే ఎల్ల దాటి తమిళనాడులోనో, కర్ణాటకలోనో, ఒడిశాలోనో అల్పసంఖ్యాకులు. అచ్చటి తెలుగు బిడ్డకు తెలుగు బడి కావలెనని కోరేవారు, ఇచ్చట ఉర్దూ, తమిళ, కన్నడ, ఒడియా బిడ్డల బడులను గూర్చి కూడా అదే మనస్సుతో ఆలోచింపవలసి ఉన్నది. కొంగకు కూజాలో వడ్డించడం పక్షపాతం కాదు. దాని ముక్కు పొడవెంతో గమనించి వడ్డించడమే న్యాయం.