చిరిగిపోయిన చివరి ఆకు

తాటియాకు గ్రంథములను విప్పి చూచినవారికి ఒక సంగతి తెలియును. మొదటి ఆకులును చివరి ఆకులును అన్నిటికంటె ముందుగా శిథిలమగును. లోపలి ఆకులకు అవియే కవచము గదా! యూరపు ఖండపు తోలు గ్రంథములకును ఇదే గతి. అట్లు పోయిన ఒక్క ఆకు మూడువందల సంవత్సరములకు పైగా పండితులను తిప్పలు పెట్టిన కథ ఒకటి కలదు. దానిని ఇచ్చట వివరింపదలచితిమి.

క్రైస్తవుల క్రొత్త నిబంధన మొదట గ్రీకు భాషలో వెలసినది. అచ్చుయంత్రము లేని ఆ కాలమున లేఖకులు దానిని చేతితో వ్రాసి నిలిపిరి. మధ్యయుగమున వ్రాతకు ఎక్కువగా వాడినది తోలు. గొఱ్ఱె, మేక, దూడల చర్మమును సున్నపు నీట నానబెట్టి, వెండ్రుకలు తీసి, చట్రమునకు బిగించి, కత్తితో గీకి పలుచన చేసెడివారు. మొదట అక్షరములను పెద్దవిగా, విడివిడిగా వ్రాసెడివారు. తొమ్మిదవ శతాబ్దము నుండి చిన్న అక్షరములు కలిపి వ్రాయు గొలుసుకట్టు పద్ధతి వచ్చినది. దాని వలన చేయి వేగముగా సాగును, తోలును మిగులును. ఈ లిపిలో తేదీ గల అతి ప్రాచీన గ్రంథము క్రీ.శ. 835 నాటిది. నేడు తెలిసిన గ్రీకు ప్రతులు, తునుకలతో కలిపి, అయిదువేలకు మించును. వానిలో ఏ రెండును అక్షరాక్షరము సరిపోవు.

హాలెండు దేశీయుడగు ఎరాస్మస్ పండితుడు 1516వ సంవత్సరమున బాసెల్ నగరమున, ఫ్రోబెన్ అను ముద్రాపకుని యొద్ద గ్రీకు క్రొత్త నిబంధనను ప్రకటించెను. అందుకు ఆయన వాడినవి చేతికందిన కొద్ది ప్రతులు మాత్రమే. వానిలో ఒకదానిని ఏకముగా అచ్చుకూర్పువారికే ఇచ్చివేసెను. వారు పెట్టిన గుర్తులు దానిపై నేటికిని కానవచ్చును! చివరిదగు ప్రకటన గ్రంథమునకు దొరకినది ఒక్కటే ప్రతి. పన్నెండవ శతాబ్దపు ఆ ప్రతిని రాయ్క్లిన్ అను పండితుని యొద్ద ఎరువు తెచ్చిరి. అందు మూలము వ్యాఖ్యానముతో కలిసిపోయి యున్నది. చివరి ఆకు లేదు. ఆరు వచనములు పోయినవి. ఎరాస్మస్ ఏమి చేసెను? లాటిన్ అనువాదమును తీసికొని, ఆ ఆరు వచనములను తానే తిరిగి గ్రీకులోనికి మార్చెను.

ఇందలి ప్రమాదము సిరొంచ విద్యార్థులకు సులభముగా బోధపడును. తెలుగున "తెగ" వేరు, "తేగ" వేరు. మరాఠీ వ్రాతలో హ్రస్వ ఎకారము లేదు గనుక రెండును ఒక్కతీరుగనే వ్రాయబడును. తెలుగు మూలము పోయి, మరాఠీ వ్రాత నుండి దానిని తిరిగి తెలుగున వ్రాయువాడు, అడవిలోని ఒక తెగను గూర్చి వ్రాయబోయి తాటి తేగను గూర్చి వ్రాయవచ్చును.

ఎరాస్మస్ పనిలో జరిగినదియు ఇట్టిదే. గ్రీకు ప్రతులలో చివరి అధ్యాయమున "జీవవృక్షము" అని యున్నది. లాటిన్‌లో వృక్షమునకు "లిగ్నో" అనియు, గ్రంథమునకు "లిబ్రో" అనియు రూపములు. ఏ లేఖకుని చేతిలోనో మొదటిది రెండవదిగా మారినది. ఎరాస్మస్ దానినే నమ్మి గ్రీకున "జీవగ్రంథము" అని వ్రాసెను. తరువాతి ముద్రణలలో కొన్ని తప్పులు దిద్దుకొనెను గాని ఈ మాట నిలిచిపోయినది. 1611 నాటి ఆంగ్లానువాదమునను గ్రంథమే కలదు. 1881 నాటి సవరణలోగాని వృక్షము మరల రాలేదు.

మన భాషకును దీనితో సంబంధము లేకపోలేదు. 1727 మొదలు 1732 వరకు షుల్జ్ అను జర్మను మతబోధకుడు బైబిలును తెలుగున వ్రాసెను. అది అచ్చు కాక, హాలె నగరమున వ్రాతప్రతిగనే యుండిపోయెను. పిమ్మట విశాఖపట్టణమున దెగ్రాంజి, ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని తోడ్పాటుతో అనువదించిన సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. 1818లో ప్రిచెట్ పూర్తిచేసిన క్రొత్త నిబంధన మదరాసున వెలువడినది. ఆ కాలపు అనువాదకులకు దొరకిన అచ్చు గ్రీకు మూలములలో వాడుకలో నున్నవి చాలవరకు ఎరాస్మస్ పాఠము నుండి దిగివచ్చినవే. నేడు తెలుగువారు విరివిగా చదువు బైబిలులో మాత్రము "జీవవృక్షము" అనియే కలదు.

ఎరువు తెచ్చిన ఆ ప్రతి ఏమైనదో చాలకాలము ఎవరికిని తెలియలేదు. 1861లో డెలిట్ష్ అను జర్మను పండితుడు బవేరియాలోని ఒక సంస్థానపు గ్రంథాలయమున దానిని కనుగొని, ఎరాస్మస్ పాఠముతో పంక్తి పంక్తిగా పోల్చి చూచెను. ఎరాస్మస్ స్వయముగా అల్లిన మాటలేవో అప్పుడు స్పష్టముగా బయటపడినవి. ఆ ప్రతి ఇప్పుడు ఆగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున నున్నది. చివరి ఆకు మాత్రము దొరకలేదు.