మగ్గం మోగితేనే పర్యాటకం

భూదాన్ పోచంపల్లి: పోచంపల్లి చీర అందాన్ని నగరంలోని దుకాణంలోనూ చూడవచ్చు. అయినా సందర్శకులు ఇంతదూరం రావడానికి కారణం కంటికి మించిన అనుభూతి. వీధిలో అడుగిడగానే చెవిన పడే మగ్గాల చప్పుడు, రంగుల వాసన, వేళ్లకు తగిలే పట్టు నునుపు ఇక్కడే లభిస్తాయి. ఈ గ్రామాన్ని 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చింది.

ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు. ముడి ఉన్నచోట రంగు అంటదు. ఆ రంగులు పోగు పోగుకూ కుదిరితేనే బొమ్మ తేలుతుంది. ఆ శ్రమ మగ్గం పక్కన నిలిచినవారికే బోధపడుతుంది.

ఇదే జిల్లాలోని పుట్టపాకలో ముక్కే సాక్షి. తేలియా రుమాలు నూలును నూనె, ఆముదపు కాయల బూడిదతో శుద్ధి చేస్తారు. ఆ నూనె వాసన బట్టను వీడదు. ఈ నేతకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది.

అచ్చు వేసిన నకలు కంటిని మోసగించవచ్చు. తిప్పి చూస్తే వెనుకవైపు రంగు వెలిసినట్లుంటుంది. అసలు ఇక్కత్‌కు రెండువైపులా ఒకే తీరు. ఈ తేడా తెలిసినవారు నకలుకు మోసపోరు, నేతన్న కష్టానికి తగిన ధర ఇస్తారు. ఆ ధర గిట్టక మగ్గాలు మూగబోతే, ఊరు మరో దుకాణంగానే మిగులుతుంది.