రైఫిల్‌కు ప్రాణం – యాక్షన్

మన హాస్టల్ నుండి ఎన్.సి.సి.లో చేరిన తమ్ముళ్ళకు .22 రైఫిల్ బోల్టు పరిచయమే. పైకెత్తి వెనక్కి లాగాలి, ముందుకు తోసి కిందికి వంచాలి. ఆ బోల్టు, అది కదిలే ఉక్కు గూడు అయిన రిసీవర్, ఈ రెండింటినీ కలిపి ‘యాక్షన్’ అంటారు.

అమెరికా వంటి దేశాల్లో గురి పోటీలకు వెళ్ళేవారు తమకు సరిపడే రైఫిల్‌ను విడిభాగాలతో చేయించుకుంటారు. బ్యారెల్ అరిగితే మార్చవచ్చు. చెక్క బట్ నచ్చకపోతే వేరేది వేయవచ్చు. యాక్షన్ మాత్రం చివరిదాకా ఉంటుంది. అమెరికా చట్టం దృష్టిలో కూడా తుపాకీ అంటే ఆ రిసీవరే. అందుకే దానిని ముందు ఎంచుకోవాలి.

దీనికి అసలు కారణం భద్రత. .308 తూటా పేలినప్పుడు లోపల పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా ఉండవచ్చు. కారు టైరులో ఉండేది సుమారు 30 పౌండ్లే! ఆ ఒత్తిడి వెనక్కి రాకుండా ఆపేది బోల్టుకున్న లగ్గులు, అంటే ఉక్కు పళ్ళు. కాల్చేవారి చెంప వాటికి జానెడు దూరంలోనే ఉంటుంది.

ఎంపికలో మూడు విషయాలు చూడాలి.

మొదటిది, తూటా కొలత. .308 పొడవు సుమారు 71 మిల్లీమీటర్లు, దానికి షార్ట్ యాక్షన్ చాలు. .30-06 సుమారు 85 మిల్లీమీటర్లు, దానికి లాంగ్ యాక్షన్ కావాలి. తూటా అడుగు అంచు బోల్టు ముఖంలో సరిగ్గా కూర్చోవాలి. అందుచేత ముందు తూటా, తరువాతే యాక్షన్.

రెండవది, అవసరం. 1898 నాటి జర్మన్ మౌజర్‌లో తూటా మ్యాగజైన్ నుండి పైకి రాగానే పెద్ద కొక్కెం పట్టేస్తుంది. క్రూరమృగాల వేటగాళ్ళు దీనినే నమ్ముతారు. 1962లో వచ్చిన రెమింగ్టన్ 700లో బోల్టు తూటాను ముందుకు తోస్తుంది, ఛాంబర్‌లోకి చేరాకే కొక్కెం పట్టుకుంటుంది. గురి పోటీలకు ఇది చాలు. పైగా దీని కొలతలకు సరిపడే ట్రిగ్గర్లు, బట్‌లు ఎన్నో కంపెనీలు చేస్తున్నాయి.

మూడవది, పనితనం. లగ్గులన్నీ రిసీవర్‌కు సమంగా ఆనాలి. ఒకటే ఆనితే బలమంతా దానిపైనే పడుతుంది, గురీ చెదురుతుంది. పాత యాక్షన్ చౌకగా దొరికినా, దాన్ని సరిచేయించే కూలి కలిపితే కొత్తదాని ధరకు చేరవచ్చు. బ్యారెల్ బిగించాక గేజ్‌లతో కొలవడం తప్పనిసరి. ‘గో’ గేజ్ పెడితే బోల్టు మూసుకోవాలి, ‘నో-గో’ గేజ్ పెడితే మూసుకోకూడదు.

మిత్రులారా! మన దేశంలో లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడం 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం. ఆసక్తి ఉన్నవారికి ఎన్.సి.సి., గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బులు ఉన్నాయి. ఈసారి ఫైరింగ్ రేంజ్‌లో బోల్టు తెరిచినప్పుడు ఆ పళ్ళను ఒకసారి గమనించండి. మీ ప్రాణానికి అడ్డుగా నిలిచేవి అవే.