పప్పు మనది... పొట్లం మీద పేరెవరిది?

ఫ్యాషన్ చదువంటే కత్తెర, కుట్టుమిషను మాత్రమే కాదు. అప్లయిడ్ ఆర్ట్, ప్రింట్ మీడియా కూడా అందులో భాగమే. ఉద్దానం అమ్మాయిలకు ఆ పాఠం ఎలా అక్కరకొస్తుందో చూద్దాం.

'ఫ్యాషన్ డిజైనింగా? టైలరింగ్ నేర్చుకోడానికి అంత దూరం ఎందుకమ్మా?' పలాసలోనో, టెక్కలిలోనో ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయి ఈ కోర్సు పేరెత్తితే ఇంట్లో వినపడే మాట ఇదే. పైగా సిలబస్‌లో అప్లయిడ్ ఆర్ట్, ప్రింట్ మీడియా అని కనిపిస్తే 'బట్టల చదువులో ఈ పేపర్ల గొడవేటి?' అని నాన్నకు మరో అనుమానం!

అనుమానం సహజమే. సమాధానం మాత్రం మన కళ్లెదుటే ఉంది. బట్టల కొట్టు సంచి, చీర పెట్టె మీద లేబుల్, పండగ సేల్ కరపత్రం, పత్రికలో నగల ప్రకటన... వీటన్నింటికీ ఎవరో ఒకరు బొమ్మ గీశారు. అక్షరాలు పేర్చారు. రంగులు ఎంచారు. గోడకు తగిలించుకుని చూసి ఆనందించే బొమ్మ లలితకళ. సరుకు అమ్ముడుపోవడానికో, ఒక మాట పదిమందికీ చేరడానికో గీసేది అప్లయిడ్ ఆర్ట్. బట్ట తయారుచేస్తే చాలదు. అది ఎక్కడ పుట్టిందో, ఎందుకు కొనాలో చెప్పడం కూడా తెలియాలి. అందుకే ఫ్యాషన్ విద్యార్థినికి ఈ పాఠం.

క్లాసులో ఏం నేర్చుకోవాలి?

ముందు అక్షరాలు. తెలుగుకు ఇక్కడ ఓ చిక్కుంది. మనకు పైన గుడులు, కింద ఒత్తులు. ఇంగ్లిషుకు సరిపోయిన వరుసల ఎడం మనకు చాలదు. 'ఉద్దానం' అని రాసి, దాని కిందే 'టెక్కలి' అని దగ్గరగా రాసి చూడండి. పైన ఉన్న ఒత్తు కింది అక్షరాన్ని పొడుస్తుంది! బాపు గారు బొమ్మలతోపాటు శీర్షికల అక్షరాలనూ అంతే శ్రద్ధగా గీసేవారు. ఆయన చేతిరాత తరవాత కంప్యూటర్ ఫాంటుగానూ వచ్చింది. అక్షరం కూడా బొమ్మేనని తెలుసుకోవడానికి ఆయన పుస్తకాల అట్టలు చూస్తే చాలు.

తర్వాత రంగులు. కంప్యూటర్ తెరపై రంగులన్నీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో పుడతాయి. అచ్చు యంత్రంలో ఉండేవి సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు. తెరపై ధగధగలాడిన ఆకుపచ్చ కాగితంపై వెలవెలబోయేది అందుకే. ఫొటో అయితే అచ్చయ్యే కొలతలో అంగుళానికి 300 చుక్కలుండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పోస్టరంత పెద్దది చేస్తే మసకబారక తప్పదు. కాగితం కోసే గీతకు అవతల 3 మిల్లీమీటర్లదాకా రంగు నింపాలి. లేదంటే అంచున తెల్ల గీత మిగులుతుంది. చిన్న సంగతులే... కానీ వెయ్యి కాపీలు అచ్చయ్యాక దిద్దుకోలేం కదా!

పొట్లమే ప్రాజెక్టు

కోర్సులో ఏదైనా సరుకుకు లేబుల్ తయారుచేయమంటే ఎవరిదో సబ్బు, సెంటు సీసా ఎందుకు? పలాస జీడిపప్పు లేదూ! పిక్కల్ని ఆవిరికి ఉడికించడం, పెంకు కోయడం, ఆరబెట్టడం, పొట్టు తీయడం, సైజుల వారీగా ఏరడం... ఇందులో ఆడవాళ్ల చేతి పనే ఎక్కువ. పెంకులోని జిడ్డు తగిలితే చర్మం నల్లబడి బొబ్బలెక్కుతుంది. ఇంత కష్టపడి తీసిన పప్పు టోకున మరో ఊరికి చేరి చిన్న పొట్లాలుగా మారాక, వాటి మీద పలాస పేరు ఉండొచ్చు... లేకపోనూవచ్చు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసింది. పడిపోయిన చెట్టు స్థానంలో కొత్తది కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. చేతిలో ఉన్న పంటకే విలువ పెంచుకోవాల్సిన చోట, ఒక మంచి లేబుల్ అలంకారం మాత్రమే కాదు, ఆధారం.

మరి లేబుల్‌పై ఏముండాలి? ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరు, నికర బరువు, ధర, ప్యాక్ చేసిన తేదీ, తయారీదారు చిరునామా, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ గుర్తు. జీడిపప్పు కొందరికి పడదు కాబట్టి ఆ హెచ్చరికా ఉండాలి. డబ్ల్యూ-320 అంటే పౌనుకు, అంటే దాదాపు 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండు పప్పులు తూగుతాయని అర్థం. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది. ఈ ముక్క తేలిక తెలుగులో రాస్తే కొనే ఇల్లాలికి ఎంత మేలు!

ఖర్చు లెక్కా డిజైనర్‌దే. ప్లాస్టిక్ పొట్లం మీదే గ్రావ్యూర్ పద్ధతిలో అచ్చు వేయాలంటే ఒక్కో రంగుకు ఒక్కో సిలిండరు చెక్కించాలి. పెద్దమొత్తంలో వేయిస్తేనే గిట్టుబాటు. పదిమంది మహిళల చిన్న సంఘానికి సాదా పొట్లం, దానిపై అచ్చు వేసిన స్టిక్కరు నయం.

కొంగలు, నూలు, డిజైన్లు

బట్టపై అచ్చు వేసే డిజైను కావాలంటే టెక్కలి పక్కన తేలినీలాపురం ఉండనే ఉంది. ఏటా అక్కడికి వలస వచ్చే పెలికాన్లనూ, పెయింటెడ్ స్టార్క్ కొంగలనూ ఊరివాళ్లు ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఆ సంచిలాంటి ముక్కును నాలుగు గీతల్లో పట్టుకోండి. డిజైను కుడి అంచు ఎడమ అంచుతో, పై అంచు కింది అంచుతో కలవాలి. అప్పుడే బట్టంతా అతుకు కనిపించదు. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకో స్క్రీను కావాలి కాబట్టి రెండు రంగులతో సరిపెడితే ఖర్చు కలిసొస్తుంది.

వలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికే పొందూరు ఖద్దరు మన జిల్లాదే. దానికో బ్రోషరు చేసి చూడండి. సీతంపేట సవరల బొమ్మల్ని వాడుకోవాలనుకుంటే మాత్రం వాళ్లను అడిగి, వాళ్ల పేరు వేసి వాడాలి. అది మర్యాద.

పోస్టరులో మాట జారితే...

ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అయినా జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అలాంటప్పుడు 'మీ నీళ్లే విషం' అంటూ పుర్రె బొమ్మ గీస్తే? మార్కులు పడొచ్చేమో గానీ ఊరికి చెడ్డపేరు, ఆడపిల్లల సంబంధాలకు అడ్డంకి. తేలిన సంగతే చెప్పాలి. డాక్టరు రాయకుండా నొప్పి మాత్రలు మింగొద్దని, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోమని చెప్పొచ్చు. ఒక పోస్టరుకు ఒక్క మాటే. గీశాక జీడిపిక్కల షెడ్డుకు తీసుకెళ్లి, చదువురాని అవ్వకు చూపించి 'ఏటి అర్థమైందమ్మా?' అని అడగండి. గురువుగారి కంటే ముందు మార్కులు వేయాల్సింది ఆవిడే.

అమ్మానాన్నలకో మాట

హైదరాబాద్‌లో నిఫ్ట్ 1995 నుంచి ఉంది. అక్కడి డిగ్రీ కోర్సుల్లో బీడెస్‌కు ఇంటర్ ఏ గ్రూపుతో చదివినవారైనా ప్రవేశ పరీక్ష రాయొచ్చు. అప్లయిడ్ ఆర్ట్‌నే చదవాలనుకుంటే హైదరాబాద్‌లోనే జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. చేర్చే ముందు ఫీజు, హాస్టలు ఖర్చు, స్కాలర్‌షిప్ వివరాలు కనుక్కోండి. పాత విద్యార్థులు చేసిన ప్రాజెక్టులు చూపించమనండి.

అమ్మాయి సెలవులకు వచ్చి జీడిపిక్కలు ఒలిచేచోట నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటే 'ఖాళీగా బొమ్మలు గీస్తోంది' అని కసరకండి. ఆమె చదువుతోంది. రేపు ఆ పప్పు ఎక్కడ అమ్ముడైనా, పొట్లం మీద మీ ఊరి పేరు చదవగలిగేలా రాసేది ఆ పిల్లే కావచ్చు.