లివర్ 10లో పెడితేనే కసరత్తా?

జిమ్‌లో ట్రెడ్‌మిల్ కోసం కాచుక్కూర్చునేవాళ్లు పక్కనే ఖాళీగా ఉన్న రోయింగ్ మెషీన్ జోలికి పోరు. దాని చుట్టూ అల్లుకున్న అపోహలూ ఇందుకొక కారణమే.

అపోహ: ఇది చేతుల కసరత్తు.
వాస్తవం: చేతుల వంతు చివర్న వస్తుంది. ముందు కాళ్లతో బలంగా తన్నాలి. తర్వాత తుంటి దగ్గర్నుంచి ఒంటిని కాస్త వెనక్కి వాల్చాలి. అప్పుడు హ్యాండిల్‌ను పక్కటెముకల కిందికి లాక్కోవాలి. కోచ్‌ల ఉజ్జాయింపు లెక్కలో శ్రమలో 60 శాతం కాళ్లది, 30 శాతం నడుము, పొట్ట, వీపులది. చేతులకు మిగిలేది 10 శాతమే. మర్నాడు భుజాలు సలుపుతూ తొడలు హాయిగా ఉన్నాయంటే లాగుడు తప్పిందన్నమాట.

అపోహ: మెషీన్ చక్రానికుండే లివర్‌ను 10లో పెడితేనే అసలు కసరత్తు.
వాస్తవం: జిమ్ కుర్రాళ్లకు ఇదో పౌరుషం! కాన్సెప్ట్-2 లాంటి గాలి చక్రం మెషీన్లలో ఆ లివర్ బరువులు పెంచదు, చక్రం గూట్లోకి ఎంత గాలి పోవాలో చూస్తుంది. 10లో పెడితే బరువైన పడవ నడిపినట్టు, 1లో పెడితే తేలికైన పడవ నడిపినట్టు ఉంటుంది. ఏ అంకె మీదున్నా, ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా ఎదురుతిరుగుతుంది. ఆ కంపెనీయే 3–5 మధ్య మొదలుపెట్టమంటుంది. ఎంత కష్టపడుతున్నామో చెప్పేది తెర మీద కనిపించే, 500 మీటర్లకు పట్టే సమయం. అది 2 నిమిషాల 30 సెకన్లుంటే మీరు పెడుతున్న శక్తి సుమారు 104 వాట్లు. దాన్ని 2 నిమిషాలకు దించాలంటే 203 వాట్లు కావాలి. లివర్ ముట్టుకోకుండానే శ్రమ దాదాపు రెట్టింపు!

అపోహ: నడుము పోతుంది.
వాస్తవం: ఇది పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు. పోటీల్లో పాల్గొనే రోవర్లకు నడుంనొప్పి మామూలే. అలసిపోయాక వీపు గూనిలా వంచి లాగడం, సాధన ఒక్కసారిగా పెంచేయడం అందుకు దారితీస్తాయి. వీపు వంగుతోందనిపిస్తే అక్కడితో ఆపేయాలి. డిస్క్ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే కూర్చోవాలి. మోకాళ్ల సంగతంటారా, ఒంటి బరువు సీటు మీదే ఉంటుంది, పరుగులోలా పాదాలు నేలకు కొట్టుకోవు. నొప్పి ఉంటే మాత్రం సీటును పూర్తిగా ముందుకు జరపకండి.

అపోహ: ఇదొక్కటుంటే ఇంకేమీ అక్కర్లేదు.
వాస్తవం: గుండె, ఊపిరితిత్తులు, తొడలు, పిరుదులు, వీపు... వీటన్నిటికీ పని దొరుకుతుంది. కానీ చేతులు లాగడమే తప్ప నెట్టడం ఉండదు కాబట్టి ఛాతీకి దండీలు తీయాల్సిందే. కూర్చుని చేసేది కనుక ఎముకల గట్టిదనానికి నడక, మెట్లెక్కడం మానకూడదు. కొత్తవాళ్లు నిమిషానికి 20 లాగుళ్ల చొప్పున పది నిమిషాలు చేస్తే మొదటి వారానికి చాలు.