మాట కలవకపోయినా...

అభిప్రాయాలు కలవకపోతే ముఖాలు తిప్పుకోవడం మనకు అలవాటే. ఒక్కోసారి సొంత అన్నదమ్ములే పలకరించుకోరు. అటువంటిది చూసినప్పుడల్లా నాకు దీనబంధు ఆండ్రూస్ జ్ఞాపకం వస్తారు.

ఇంగ్లండులో పుట్టిన ఈ క్రైస్తవ మతాచార్యులు 1914లో దక్షిణాఫ్రికాలో గాంధీజీని కలుసుకున్నారు. ఆయనను 'మోహన్' అని పిలిచేటంత చనువు ఏర్పడింది. అంతటి మిత్రుడే 1921లో విదేశీ వస్త్రదహనం సంగతి విని తల్లడిల్లిపోయారు. ఏ దేశం వారైతేనేం, తోటి మనుషుల చేతిపనిని తగలబెట్టడం తగదనీ, మీరిచ్చిన ఖద్దరు కట్టుకోవడానికే జంకు కలుగుతున్నదనీ నిర్మొహమాటంగా ఉత్తరం రాశారు. గాంధీజీ దానిని దాచలేదు. తమ 'యంగ్ ఇండియా'లోనే అచ్చువేసి, తాము చేసినది సబబేనని జవాబిచ్చారు. ఎవరి పట్టు వారిదే!

మరి స్నేహం ఏమైంది? 1924లో హిందూ ముస్లిం సఖ్యత కోసం గాంధీజీ ఢిల్లీలో 21 రోజులు ఉపవాసం ఉన్నారు. అప్పుడు పక్కనుండి కనిపెట్టుకున్నదీ, ఆ 'యంగ్ ఇండియా' సంపాదకత్వపు బరువు మోసినదీ ఆండ్రూసే!

పొరుగువాణ్ణి ప్రేమించమన్నాడు క్రీస్తు. ముందుగా వాణ్ణి మన మాటకు ఒప్పించుకోమనలేదు. కాదనవలసిన చోట కాదనాలి. కాదన్న మనిషి నీరసించి మంచాన పడిననాడు వెళ్లి పక్కన కూర్చోనూ గలగాలి. ఆ రెండూ ఒక్క గుండెలో ఇముడుతాయని ఆండ్రూస్ బతికి చూపించారు.